గ్రీన్ బాండ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో గ్రీన్ బాండ్ల గురించి ఒక పేజీ వేశాం. పర్యావరణానికి మేలు చేసే పనులకే ఖర్చు పెడతామని మాటిచ్చి తీసుకునే అప్పుకు రాసిచ్చే పత్రమే గ్రీన్ బాండు అని అందులో చెప్పాం. దాని మీద డెల్టా ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. చాలామంది పచ్చరంగును భద్రతకు గుర్తుగా తీసుకుంటున్నట్టు వాటిని చదివితే అర్థమైంది. ఆ రంగు మీ డబ్బు ఏ పనికి వెళ్తుందో మాత్రమే చెబుతుంది. తిరిగి వస్తుందా లేదా అన్నది అప్పు తీసుకున్నవాడి స్థోమతను బట్టే ఉంటుంది. ఈ తేడా మనసులో పెట్టుకుని కింది జవాబులు చదవండి.

ప్రశ్న: టీచరుగా రిటైరయ్యాను. గ్రాట్యుటీలో ఒక మూడు లక్షలు ప్రభుత్వ గ్రీన్ బాండ్లలో వేద్దామని ఉంది. బ్యాంకులో అడిగితే "మాకు తెలీదండి" అన్నారు. ఎక్కడ కొనాలి? వడ్డీ ఫిక్స్‌డ్ డిపాజిట్ కంటే ఎక్కువ వస్తుందా? (పాలకొల్లు)

బ్యాంకు కౌంటర్లో వీటిని అమ్మరు మాస్టారూ. రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరులో మొదలుపెట్టిన రిటైల్ డైరెక్ట్ పోర్టల్లో మీ పేరుతో గిల్ట్ ఖాతా (ప్రభుత్వ బాండ్లు ఉంచుకునే ఖాతా) తెరవాలి. ఖాతాకు రుసుము లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు కలిపిన మొబైల్ నంబరు, ఈమెయిల్ ఉంటే ఇంట్లోంచే అయిపోతుంది. భార్యాభర్తలు ఉమ్మడిగానూ తెరవొచ్చు. నామినీని అప్పుడే రాసెయ్యండి.

మన వైపు దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గర. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటుంది. ముందు బ్యాంకుకు వెళ్ళి ఆ పేరు సరిచేయించుకోండి. ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి.

కనీసం 10,000 రూపాయలు పెట్టాలి, ఆపైన పదివేల చొప్పున పెంచుకోవచ్చు. గ్రీన్ బాండ్ల వేలం వారం వారం ఉండదు. ఏ అర్ధ సంవత్సరంలో ఎంత అమ్ముతారో రిజర్వ్ బ్యాంకు ముందే క్యాలెండరు ప్రకటిస్తుంది. వేలం సాధారణంగా శుక్రవారం జరుగుతుంది. మీ బిడ్డు అంతకు ముందే పోర్టల్లో పెట్టి, డబ్బు యూపీఐ ద్వారానో నెట్ బ్యాంకింగ్ ద్వారానో కట్టాలి. వడ్డీ రేటు మీరు చెప్పనక్కర్లేదు. పెద్ద బ్యాంకులు పోటీపడి తేల్చిన ధరకే మీకూ ఇస్తారు. చిన్న మదుపరుల కోసం వేలంలో 5 శాతం వరకు పక్కన పెడతారు.

వడ్డీ సంగతికి వద్దాం. 2023 జనవరి 25న జరిగిన మొట్టమొదటి వేలంలో అయిదేళ్ళ బాండు 7.10 శాతానికి, పదేళ్ళది 7.29 శాతానికి పోయాయి. పదేళ్ళ బాండులో మూడు లక్షలు వేసినవాళ్ళకు ఆరు నెలలకోసారి 10,935 రూపాయలు ఖాతాలో పడతాయి. ఇది స్లాబు ప్రకారం పన్ను పడే ఆదాయమే. టీడీఎస్ కొయ్యరు. కొయ్యలేదు కదా అని రిటర్నులో చూపడం మానేస్తే నోటీసు వస్తుంది.

మీ వయసుకు మా సలహా వేరే ఉంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో ఇటీవల 8.2 శాతం ఇస్తున్నారు, 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు, అది కూడా ప్రభుత్వ హామీయే. ముందు దాన్ని నింపుకుని, మిగిలితే ఇటు రండి. అయిదేళ్ళు దాటి పదేళ్ళ దాకా ఒకే రేటు ఖాయం కావాలనుకునేవాళ్ళకే ఈ బాండు పనికొస్తుంది.

మధ్యలో అమ్ముకోవాల్సి వస్తే ఏమవుతుందో కూడా చూడండి. మార్కెట్లో వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగితే 7.29 శాతం పదేళ్ళ బాండుకు పదివేలకు సుమారు 9,330 రూపాయలే వస్తాయి. 2024 జనవరిలో 7.37 శాతానికి ఇచ్చిన ముప్ఫయ్యేళ్ళ బాండు అయితే 8,900 దగ్గర్లో పలుకుతుంది. గడువు దాకా ఉంచుకుంటే అసలు పూర్తిగా వస్తుంది. దానికితోడు, గ్రీన్ బాండ్లలో రోజువారీ అమ్మకాలు కొనుగోళ్ళు చాలా పలచన. పెళ్ళి ఖర్చుకో ఆసుపత్రికో అక్కరకొచ్చే డబ్బు ఇందులో పెట్టకండి.

ప్రశ్న: మామూలు ప్రభుత్వ బాండు కంటే గ్రీన్ బాండుకు వడ్డీ తక్కువని చదివాను. అప్పిచ్చేవాడు తక్కువ వడ్డీకి ఎందుకు ఒప్పుకుంటాడు? ఈ మార్కెట్టు నిజంగా పెరుగుతోందా? (రాజమహేంద్రవరం)

ఒప్పుకున్నది కొద్ది తేడాకే. మొదటి వేలంలో 8,000 కోట్లు తీసుకున్నప్పుడు, అదే గడువున్న మామూలు బాండు కంటే అయిదారు బేసిస్ పాయింట్లు తగ్గింది. మన లెక్కలో చెప్పాలంటే నూటికి ఏడాదికి ఆరు పైసలు. లక్ష పెట్టినవాడికి ఏడాదికి అరవై రూపాయలు తక్కువొస్తాయి. ప్రభుత్వానికి ఎనిమిదివేల కోట్ల మీద ఏడాదికి నాలుగు కోట్ల ఎనభై లక్షలు మిగులుతాయి. ఈ తగ్గింపును బజారులో గ్రీనియం అంటారు.

ఆ మొదటి ఏడు (2022–23) రెండు వేలాల్లో మొత్తం 16,000 కోట్లు, మరుసటి ఏడు 20,000 కోట్లు తీసుకున్నారు. కొన్నది ఎక్కువగా మన బ్యాంకులు, బీమా కంపెనీలే. బ్యాంకులకు ఇవి చట్టబద్ధ నిల్వల్లో లెక్కకు వస్తాయి. బీమా కంపెనీలకు మౌలిక వసతుల పెట్టుబడిగా చూపుకునే వీలిచ్చారు. విదేశీ మదుపరులకు పరిమితి లేకుండా తలుపు తెరిచారు.

ఇంత చేసినా 2024 మే 31న దెబ్బ తగిలింది. 6,000 కోట్ల పదేళ్ళ గ్రీన్ బాండు వేలానికి పెడితే కొనేవాళ్ళు అడిగిన వడ్డీ ఎక్కువగా ఉందని రిజర్వ్ బ్యాంకు ఒక్క బిడ్డు కూడా తీసుకోలేదు. అమ్మేవాడు గ్రీనియం కావాలన్నాడు, కొనేవాడు ఇవ్వనన్నాడు.

దీని వెనక కారణం పెద్ద మర్మమేమీ కాదు. యూరప్‌లో ఇంత సొమ్ము గ్రీన్ బాండ్లలోనే పెడతామని ముందే మాటిచ్చి జనం దగ్గర డబ్బు తీసుకున్న ఫండ్లు ఉన్నాయి. అవి కొనక తప్పదు, కాబట్టి కాస్త తక్కువ వడ్డీకైనా కొంటాయి. మన దేశంలో అలాంటి నిర్బంధమున్న కొనుగోలుదారు దాదాపు లేడు. ఇక్కడి ఫండ్ మేనేజరుకు గ్రీన్ బాండూ మామూలు బాండూ ఒకే ప్రభుత్వం తీర్చే అప్పులు. పైగా మామూలు పదేళ్ళ బాండు ఏ నిమిషంలోనైనా అమ్ముడుపోతుంది, గ్రీన్ బాండుకు కొనేవాణ్ణి వెతుక్కోవాలి. అమ్ముకోవడం కష్టమైన సరుకుకు ఎక్కువ వడ్డీ అడగడం న్యాయమే. చిన్న చిన్న మొత్తాల్లో కొత్త కొత్త బాండ్లు తెచ్చేకన్నా, ఉన్న బాండునే మళ్ళీ మళ్ళీ అమ్మి దాని పరిమాణం పెంచితే ఈ చిక్కు కొంత విడుతుందని మా అభిప్రాయం.

కంపెనీల వైపు కథ ఇంకాస్త పాతది. 2015 ఫిబ్రవరిలో యెస్ బ్యాంకు 1,000 కోట్లతో దేశంలో మొదటి గ్రీన్ బాండు తెచ్చింది. అదే ఏడు మార్చిలో ఎగ్జిమ్ బ్యాంకు విదేశాల్లో 50 కోట్ల డాలర్లు తీసుకుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో 2017లో 100 కోట్ల డాలర్ల బాండు అమ్మింది. సౌర, పవన విద్యుత్ కంపెనీలు డాలర్ల వెంట ఎందుకు పడ్డాయంటే, ఇక్కడి బీమా, పింఛను నిధులు 'డబుల్ ఎ' (AA) రేటింగుకు, అంటే అప్పు తీర్చే స్థోమతకు ఇచ్చే ఆ మార్కుకు, తక్కువున్న బాండును ముట్టుకోవడానికి జంకుతాయి. కొత్త కరెంటు ప్రాజెక్టుకు ఆ రేటింగు అంత తేలిగ్గా రాదు. డాలర్లలో తెచ్చుకుంటే రూపాయి పడిపోయినప్పుడు నష్టం రాకుండా హెడ్జింగ్ ఖర్చు పెట్టుకోవాలి. ఆ ఖర్చు గ్రీనియంను ఎన్నోరెట్లు మింగేస్తుంది. దేశంలోనే తక్కువ రేటింగు బాండ్లకు హామీ ఇచ్చే ఏర్పాటు బలపడనంతకాలం ఈ మార్కెట్టు ప్రభుత్వమూ, ప్రభుత్వ సంస్థలూ, నాలుగైదు పెద్ద గ్రూపుల మధ్యే తిరుగుతుంది.

ప్రశ్న: భీమవరం దగ్గర ఎనిమిది ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లకు కరెంటు బిల్లు, కరెంటు పోతే డీజిలు ఖర్చుతో నలిగిపోతున్నాం. సోలార్ పెట్టుకోవడానికి గ్రీన్ బాండు డబ్బు మాలాంటోళ్ళకి వస్తుందా? (భీమవరం మండలం)

నేరుగా రాదండి. ఎందుకు రాదో మీ చెరువు లెక్కతోనే చూద్దాం.

ఎకరానికి రెండు చొప్పున పదహారు ఏరేటర్లు అనుకుందాం. ఒక్కోటి 2 హెచ్‌పీ, అంటే 1.5 కిలోవాట్లు. అన్నీ కలిపి 24 కిలోవాట్లు. రాత్రి పది గంటలు తిప్పితే 240 యూనిట్లు. సోలార్ ఒక కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది కాబట్టి, ఆ 240 యూనిట్లకు 60 కిలోవాట్ల పలకలు కావాలి. వరుసల మధ్య ఖాళీతో కలిపి ఇరవై సెంట్ల దాకా చోటు పడుతుంది. కిలోవాటుకు 50 వేలు వేసుకున్నా ముప్ఫై లక్షలు. బాండు మార్కెట్లో వంద కోట్లకు తక్కువ ఇష్యూ సాధారణంగా గిట్టుబాటు కాదు. రేటింగు, ట్రస్టీ, లాయర్లు, లిస్టింగ్, థర్డ్ పార్టీ సమీక్ష (పని నిజంగా గ్రీనేనా అని బయటివాళ్ళు చూడడం), వీటి ఖర్చు అప్పు చిన్నదైనా పెద్దదైనా కొంచెం అటూ ఇటూగా ఒకటే. వంద కోట్లు అవ్వాలంటే మీలాంటి రైతులు మూడొందల ముప్ఫై మంది ఒక గొడుగు కిందికి రావాలి.

అందుకే దారి చుట్టు తిరుగుడు. సౌర, పవన విద్యుత్ లాంటి పనులకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇరెడా లాంటిదో, ఒక బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో గ్రీన్ బాండు అమ్మి డబ్బు తెచ్చి, మీకు మామూలు సోలార్ లోను ఇస్తుంది. మీ కాగితాల మీద గ్రీన్ అన్న మాట కనిపించకపోవచ్చు. కానీ మీ లోను వాళ్ళ గ్రీన్ జాబితాలో చేరాలంటే వాళ్ళకు ఆధారాలు కావాలి. కాబట్టి లోను అడిగే ముందు గడచిన రెండు మూడు పంటల కరెంటు బిల్లులు, డీజిలు బంకు రసీదులు, జనరేటరు గంటల మీటరు రీడింగులు ఒక ఫైలులో పెట్టండి. రసీదు లేని డీజిలు వాళ్ళ లెక్కలోకి రాదు.

ఆ లెక్క ఎలా వేస్తారంటే, గ్రిడ్ కరెంటు యూనిట్టుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, డీజిలు లీటరుకు సుమారు 2.7 కిలోలు. మీ 240 యూనిట్లు గ్రిడ్ నుంచి వాడితే రాత్రికి 168 కిలోలు. అవే యూనిట్లు జనరేటరు మీద తీస్తే, లీటరుకు మూడు యూనిట్ల లెక్కన ఎనభై లీటర్లు కాలి 216 కిలోలు. పొదుపు అంతా కాగితం మీద ఈ రెండు అంకెల నుంచే పుడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రి, తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయే వేళ. సోలార్ ఇచ్చేది పగలు. పగటి కరెంటును గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తిరిగి వాడుకునే నెట్ మీటరింగ్ మీ కనెక్షనుకు ఇస్తారో లేదో, ఎన్ని కిలోవాట్ల దాకా ఇస్తారో ముందు డిస్కం దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోండి. అది తేలకుండా పలకలకు అడ్వాన్సు ఇవ్వకండి. బ్యాటరీల మీద పది గంటలు నడపడం ఇప్పటి ధరల్లో మీకు గిట్టదు. ఇంకోటి, మామూలు నెట్ మీటరు సోలార్ గ్రిడ్ పోగానే తనూ ఆగిపోతుంది. లైన్లో పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటది. అంటే సోలార్ వచ్చినా జనరేటరు అమ్ముకోకూడదు. ఈ సంగతి అమ్మకందారు చెప్పడు.

ఉప్పుగాలికి మామూలు ఇనుప స్టాండులు త్వరగా తుప్పుపడతాయి. హాట్ డిప్ గాల్వనైజ్ చేసినవి అడగండి. కొంగల రెట్టలు పడిన పలక సరిగా ఇవ్వదు, కడగడానికి చెరువు ఉప్పునీళ్ళు వాడకండి. చివరిగా, చెరువుకు రిజిస్ట్రేషన్ లేకపోయినా, మడ అడవి కొట్టి తవ్విన చెరువైనా ఆ లోను గ్రీన్ జాబితాలోకి రాదు. సమీక్షకులు ముందు చూసేది ఉపగ్రహ చిత్రాలే.

ప్రశ్న: మాది ఉప్పుడు బియ్యం మిల్లు. ఊకతో బాయిలర్ నడుస్తుంది. దీన్ని గ్రీన్ అంటారా? మరి పోలవరం కరెంటు సంగతేమిటి? (మండపేట)

ఊక గ్రీనే. కేంద్రం 2022 నవంబరు 9న విడుదల చేసిన గ్రీన్ బాండ్ల ఫ్రేమ్‌వర్కులో బయోమాస్ మీద పెట్టిన ఆంక్ష రక్షిత అడవుల నుంచి తెచ్చే కట్టెకే. ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే వస్తుంది. సార్వా దాళ్వా రెండూ పండే మన నేల మీద దానికి కరువు లేదు. అయితే పాత బాయిలర్ అప్పును తీర్చడానికి కొత్త గ్రీన్ అప్పు అడిగితే సమీక్షకుడు ముఖం చిట్లిస్తాడు. ఇప్పటికే ఊక కాలుస్తున్నారు కాబట్టి కొత్తగా తగ్గేదేమీ లేదు. అదే ఊకతో ఆవిరితో పాటు కరెంటు కూడా తీసే టర్బైను పెట్టినా, బాయిలర్ సామర్థ్యం పెంచినా లెక్క కుదురుతుంది. బూడిద సంగతి కూడా అడుగుతారు. కాల్వగట్టున పోసే బూడిదకు సమాధానం లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది.

పోలవరం జలవిద్యుత్ కేంద్రం 960 మెగావాట్లది. ప్రభుత్వ గ్రీన్ బాండ్ల సొమ్ము 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్‌కు వాడకూడదని ఫ్రేమ్‌వర్కు చెబుతుంది. అణు విద్యుత్, చెత్తను నేరుగా తగలబెట్టడం కూడా నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. పెద్ద ఆనకట్టల వల్ల ముంపు, నిర్వాసితుల సమస్య ఉంటాయి కాబట్టి విదేశీ మదుపరులు మొహం తిప్పుకుంటారని ముందే పక్కన పెట్టారు. గోదావరి జిల్లాల వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇందోరు కార్పొరేషన్ గ్రీన్ బాండ్లు అమ్మింది కదా. రాజమండ్రి, కాకినాడ అమ్మలేవా? (కాకినాడ)

అమ్మొచ్చు. కానీ ఇందోరు ఎందుకు నెగ్గిందో చూడాలి. ఆ ఊరికి నీళ్ళు నర్మద నుంచి దూరాభారం ఎత్తిపోసి తెచ్చుకోవాలి, దానికి కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. జలూద్ దగ్గర 60 మెగావాట్ల సోలార్ కేంద్రం కట్టి ఆ బిల్లు తగ్గించుకుంటామని 2023 ఫిబ్రవరిలో 244 కోట్లకు పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. వడ్డీ 8.25 శాతం. వెయ్యి రూపాయల బాండును 250 చొప్పున నాలుగు ముక్కలు చేసి మూడు, అయిదు, ఏడు, తొమ్మిదేళ్ళకు తీర్చేలా అమర్చింది. 720 కోట్లకు పైగా దరఖాస్తులొచ్చాయి. అంతకు ముందు 2021లో గాజియాబాద్ మురుగునీటిని శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్మే పనికి 150 కోట్లు తెచ్చింది. రెండు చోట్లా అప్పు తీర్చే డబ్బు ఆ పని నుంచే పుడుతోంది, గమనించారా. పార్కులు, డివైడర్ల మొక్కలు చూపించి బాండు అమ్మలేరు.

షేర్లు, బాండ్ల మార్కెట్టును నియంత్రించే సెబీ 2015 నిబంధనల ప్రకారం పురపాలక సంస్థ గత 365 రోజుల్లో ఏ అప్పూ ఎగ్గొట్టి ఉండకూడదు. ఆస్తి పన్ను, నీటి పన్ను లాంటి రాబడి ముందు ఎస్క్రో ఖాతాలో పడి, అందులోంచి బాండు వడ్డీ పోయాకే మిగతాది కార్పొరేషన్ చేతికొస్తుంది. మన ఊళ్ళకు అసలు అడ్డం ఇక్కడే. డబుల్ ఎంట్రీ పద్ధతిలో ఆడిట్ అయిన లెక్కలు ఏటికేడు తయారుగా ఉండాలి. ఆడిట్ మూడేళ్ళు వెనకబడితే రేటింగు కంపెనీ వాళ్ళు మెట్లు కూడా ఎక్కరు.

మన రాష్ట్రంలో విశాఖ 2018 డిసెంబరులో 80 కోట్లు తెచ్చుకుంది, 10 శాతం వడ్డీకి. అది గ్రీన్ బాండు కాదు. ఆ వడ్డీకి రాజమండ్రి లాంటి ఊరు తెచ్చుకోవాలంటే పంపుహౌసుల కరెంటు బిల్లు ఎంత, సోలార్ పెడితే ఎంత తగ్గుతుంది అన్న లెక్క ముందు కౌన్సిల్ బల్ల మీద ఉండాలి. గోదావరి ఊరి పక్కనే పారుతోంది కాబట్టి ఎత్తిపోత తక్కువ, అంటే ఇందోరుకు మిగిలినంత ఇక్కడ మిగలదు. మురుగు శుద్ధి మీద గాజియాబాద్ దారే మనకు దగ్గర అనిపిస్తోంది. చిన్న మున్సిపాలిటీలు కలిసికట్టుగా అప్పు తెచ్చుకునే పద్ధతి తమిళనాడులో ఉంది. అమలాపురం, నరసాపురం లాంటి ఊళ్ళకు అదొక్కటే వీలయ్యేది.

ప్రశ్న: గ్రీన్ అని చెప్పి ఆ డబ్బు వేరే పనికి వాడేస్తే అడిగేవాళ్ళెవరు? (లా విద్యార్థిని, కాకినాడ)

కంపెనీ బాండ్లకు సెబీ. 2017 మేలో మొదటి నిబంధనలిచ్చింది, 2023 ఫిబ్రవరిలో బిగించింది. ఆ నెల 3న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వాడకం గ్రీన్ కాదని తేలితే కంపెనీ ఆ సంగతి మదుపరులకు చెప్పాలి. బాండుదారుల్లో మెజారిటీ కోరితే గడువుకు ముందే అసలు తిరిగివ్వాలి. మేలు చేసే అంకెలు మాత్రమే ఏరుకుని చూపడం, చెడు ప్రభావాన్ని దాచడం కూడా తప్పే. థర్డ్ పార్టీ సమీక్షకుణ్ణి పెట్టుకోవడం మాత్రం మొదటి రెండేళ్ళు "పాటించు లేదా కారణం చెప్పు" పద్ధతిలో పెట్టారు. 2025 జూన్‌లో సోషల్, సస్టైనబిలిటీ బాండ్లకూ విడిగా నిబంధనలొచ్చాయి.

కేంద్ర బాండ్ల సొమ్ము ముందు సంచిత నిధిలో కలుస్తుంది. ప్రధాన ఆర్థిక సలహాదారు అధ్యక్షతన ఉన్న కమిటీ ఏయే పనులకో ఎంచుతుంది. 24 నెలల్లోగా కేటాయించాలి. నార్వేకు చెందిన సమీక్షా సంస్థ సిసెరో ఈ ఫ్రేమ్‌వర్కును చూసి "మీడియం గ్రీన్" అంది, అంటే ముదురు పచ్చ కాదన్నమాట. వడ్డీ, అసలు చెల్లింపుకు ఆ ప్రాజెక్టులతో సంబంధం లేదు. ఏ సోలార్ కేంద్రం మూతపడినా మీ వడ్డీ ఆగదు. మొదటి ఏడు సొమ్ములో ఎక్కువ భాగం శుభ్ర రవాణాకే వెళ్ళింది. ఎలాగూ బడ్జెట్లో ఉండే ఖర్చుకే పచ్చరంగు వేశారన్న విమర్శ ఉంది, అందులో కొంత నిజముంది.

ఏది గ్రీన్, ఏది కాదు అని దేశం మొత్తానికీ ఒకే నిర్వచనం కోసం ఆర్థిక శాఖ 2025 మేలో టాక్సానమీ ముసాయిదా పెట్టింది. అలాంటిది అమల్లో లేనంతకాలం ఎవరి నిర్వచనం వాళ్ళది.

ఆఫర్ డాక్యుమెంటు చేతికొస్తే మొదట "నిధుల వినియోగం" అధ్యాయం తెరవండి. పాత అప్పులు తీర్చడానికి ఎంత శాతం అన్నది అక్కడ ఉంటుంది. అది సగం దాటితే మీ డబ్బుతో కొత్తగా పెద్దగా ఏమీ కట్టరు. "సాధారణ కార్పొరేట్ అవసరాలు" అన్న మాట గ్రీన్ బాండులో కనిపిస్తే అక్కడే ఆగండి. సమీక్షకుడి ఫీజు ఇచ్చేది కంపెనీయే అన్నది కూడా గుర్తుండాలి.

ప్రశ్న: ఉప్పాడ తీరం కోతకు, కోరింగ మడ అడవులకు ఈ డబ్బు రాదా? (ఉప్పాడ కొత్తపల్లి)

కాగితం మీద వస్తుంది. వాతావరణ మార్పును తట్టుకునే పనులు, జీవవైవిధ్యం, రెండూ కేంద్ర జాబితాలో ఉన్నాయి. సముద్రం, నీటికి సంబంధించిన పనులకు తెచ్చే బ్లూ బాండ్లనూ సెబీ గ్రీన్ కిందే లెక్కేస్తుంది. కానీ సముద్రానికి అడ్డుకట్ట టిక్కెట్టు వసూలు చెయ్యదు, మడ చెట్టు కరెంటు అమ్మదు. రాబడి లేని పనికి కంపెనీ అప్పు చెయ్యదు. కాబట్టి ఇవి ప్రభుత్వ బాండు సొమ్ముతోనే జరగాలి, దానికి రాష్ట్రం ప్రాజెక్టు తయారుచేసి కేంద్ర శాఖ ద్వారా పంపాలి. మీ శాసనసభ్యుణ్ణి అడగాల్సిన ప్రశ్న ఆ ప్రతిపాదన వెళ్ళిందా లేదా అన్నది.

ప్రశ్న: మా ఊళ్ళో ఒకాయన "గ్రీన్ బాండు, నెలకు నూటికి రెండు రూపాయలు" అని వాట్సాప్‌లో తిప్పుతున్నాడు. నమ్మొచ్చా? (రావులపాలెం)

వద్దండి. అది ఏడాదికి 24 శాతం. ఇందోరు 8.25 ఇచ్చింది, కేంద్రం 2023లో ఏడు చిల్లర ఇచ్చింది. నిజమైన బాండుకు పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఐసిన్ నంబరు ఉంటుంది. అడగండి, ఇస్తే డిపాజిటరీ వెబ్‌సైట్లో వెతకండి. కంపెనీ బాండు మీ డీమ్యాట్ ఖాతాలోకి రావాలి, ప్రభుత్వ బాండు గిల్ట్ ఖాతాలోకి రావాలి. ముద్ర వేసిన కాగితం ఇచ్చి సరిపెట్టరు. ఆన్‌లైన్ బాండు వేదికలకు 2022 నవంబరు నుంచి సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటిలో కొన్నా డబ్బు ఎక్స్ఛేంజి క్లియరింగ్ సంస్థకే వెళ్తుంది, ఎవరి సొంత యూపీఐ నంబరుకూ వెళ్ళదు. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి, వాట్సాప్ సందేశాలు చెరిపెయ్యకండి.

ప్రశ్న: మా బ్యాంకు గ్రీన్ డిపాజిట్ అంటోంది. ఇదీ బాండేనా? (తణుకు)

కాదు, మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్టే. 2023 జూన్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఆ సొమ్మును బ్యాంకు గ్రీన్ పనులకు అప్పుగా ఇవ్వాలి, ఏటా బయటివాళ్ళ చేత తనిఖీ చేయించాలి. అయిదు లక్షల డిపాజిట్ బీమా దీనికీ ఉంది, బాండ్లకు అది లేదు. వడ్డీ మామూలు డిపాజిట్ కంటే తక్కువిస్తామంటే ఎందుకని అడగండి.